సబ్బు పెట్టిన డ్రమ్ము

బంగారురాజు ముక్కుకు ఊళ్ళో మంచి పేరుంది. మనిషికి అంత లేదు గానీ ముక్కుకు ఉంది. ఎవరి డింగీ పడవ ఇంజను మొరాయించినా ముందు ట్యాంకు మూత తీసి బంగారురాజుని పిలుస్తారు. అతను వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా వాసన పీల్చి, "ఇందులో కిరసనాయిలు కలిపేసినాడు" అనో, "సరుకు మంచిదే, నీ ఇంజనే పాడు" అనో తేల్చేస్తాడు. ఇరవయ్యేళ్ళలో ఆ ముక్కు ఒక్కసారీ తప్పలేదు. ఒక్క అబద్ధమూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు కాబట్టే చెప్పలేదని అతనికి ఈ నవంబరులో తెలిసింది.

ప్రోతరాపూర్‌లో బస్సు దిగి దిగువకు నడిస్తే ఉప్పుటేరు తగులుతుంది. దాని ఒడ్డున ముప్పై గడప. సగం మంది తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవికి వచ్చిన చేపల వేటవాళ్ళు, సగం మంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. ఒకప్పుడు అక్కడ ఏరు సన్నగా ఉండేది, దాని పక్కన వరి పండేది. సునామీ నాడు నేల కుంగింది. పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. వరి ఉన్న చోట మడచెట్లు మొలిచాయి. వాటి వేళ్ళ కింద పీతలు బొరియలు పెట్టాయి. పీతల కోసం కొంగలు, కొంగల కోసం ఉడుములు, అన్నిటి కోసమూ ఒక ముసలి మొసలి వచ్చి చేరాయి.

ఎరుకమ్మ పొలం ఎకరంన్నర ఇప్పటికీ ఆ నీళ్ళ కిందే ఉంది. గట్టు మీద కూర్చుని ఏడిస్తే లాభం లేదని, ఇనుప కొక్కెం ఒకటి చేయించుకుని, మొగుడు పోయిన ఏడాదే తన పొలంలోకే పీతలకు దిగిన మనిషి ఆవిడ. ఇప్పుడు అరవై దాటాయి. ఆటు తీసినప్పుడు బురదలోకి వెళ్ళి, బొరియలో కొక్కెం పెట్టి, పీత పట్టు చూసే అది మగదో ఆడదో చెప్పేస్తుంది. కడుపు కింద గుడ్లున్న పీత దొరికితే మాత్రం బుట్టలో వేయదు. రెండు చేతులా పట్టుకుని, ఏటి మలుపులో పెద్ద మడచెట్టు దగ్గర లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. మిగతావి రేకు డబ్బాల్లో ఉంచి, బుట్టకెత్తుకుని బస్సెక్కి, డాలీగంజ్‌లో ఇంటింటికీ అమ్ముకుని వస్తుంది. బంగారురాజుకు ఆవిడ వరసకు మేనత్త.

ఏటి ఒడ్డున రేవు దగ్గర ఒక బోర్డు ఉంది. రెండేళ్ళ కిందట ఫారెస్టువాళ్ళూ ఊరివాళ్ళూ కూర్చుని, ఈ ఏట్లోంచి ఆయిల్ డ్రమ్ములు తేకూడదని కట్టుబాటు చేసుకుని పెట్టిన బోర్డు. ఆ మాట ముందు ఎత్తింది ఎరుకమ్మే. హిందీ అక్షరాలు ఫారెస్టువాళ్ళు రాయించారు. తెలుగులో రాయాల్సి వచ్చేసరికి కుర్రకారంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాట వస్తుంది గానీ రాత రాదు వాళ్ళకి. ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన బంగారురాజు బ్రష్షు అందుకుని రాశాడు: 'ఈ ఏట్లో డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు డ్రమ్ములు తేరాదు. ఏరు అందరిది.' ఆఖరి మాట ఎవరూ చెప్పకుండానే తన సొంతంగా చేర్చాడు. చేర్చినందుకు ఆ రోజంతా కొంచెం పొంగిపోయాడు కూడా.

*

తుఫాను హెచ్చరిక ఇచ్చిన వారం, శనివారం సాయంత్రం చంద్రమౌళి వచ్చాడు. ఏటికి అవతల గుట్ట మీద టూరిస్టుల కోసం కాటేజీలు కడుతున్న కాంట్రాక్టరు అతను. ఆ గుట్టకు ఇంకా రోడ్డు లేదు. సామానంతా బార్జిలో సముద్రం మీదుగా చుట్టు తిరిగి వస్తుంది.

"భయ్యా, బార్జి నాలుగు దినాల నుంచి మిన్నీ బే రేవులోనే బంద్. మౌసమ్ బాగాలేదంటున్నారు" అన్నాడు. "పైన నా జనరేటర్‌కి డీజిల్ ఖతం. పంపు తిరగట్లేదు. నలభై మంది లేబరు, తాగడానికి నీళ్ళు లేవు. ఆరు డ్రమ్ములు టెంపోలో రేవుకి పంపిస్తా. ఏరు దాటించు చాలు."

"బోర్డు సూసినారా?" అన్నాడు బంగారురాజు.

"చూశా. నీ అక్షరాలేనట కదా. బాగున్నాయి."

బంగారురాజు నవ్వలేదు. చంద్రమౌళి కాసేపు ఏటి వైపు చూసి, మెల్లిగా అన్నాడు. "కాటేజీలు తెరిచాక గెస్టుల్ని ఈ మడల్లో తిప్పడానికి ఒక బోటు కావాలి. రోజూ ఉండే పని. పర్మినెంట్. నా నజర్‌లో నువ్వే ఉన్నావు మరి."

తర్వాత రోజుల్లో బంగారురాజు తనకు తాను జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా దాహంతో ఉన్న ఆ నలభై మందినే ముందుకు తోసేవాడు. కానీ నిజం వేరు. నలభై మంది మాట అతను సగం చెవినే విన్నాడు. 'పర్మినెంట్' అన్న మాట మాత్రం రెండు చెవులా విన్నాడు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పోటు నిండింది. సగం ఊరు చర్చిలో ఉంది. మిగతా సగం పడవలు ఒడ్డుకు లాగేసి, తుఫాను పేరు చెప్పి ముసుగు తన్ని పడుకుంది. బంగారురాజు డింగీలో మూడు డ్రమ్ములే పడతాయి. మిగతా మూడూ తాడు కట్టి నీళ్ళలో ఈడ్చుకుపోవాలి. డీజిలు నీళ్ళకన్నా తేలిక కాబట్టి నిండు డ్రమ్ము మునగదు, ఒళ్ళంతా నీళ్ళలో దాచుకుని వీపు మాత్రం పైకి పెట్టి తేలుతుంది. జెట్టీ లేని దీవుల్లో డ్రమ్ములు ఒడ్డుకు చేర్చే పాత పద్ధతి అదే. పైగా పైన నాలుగు మడకొమ్మలు పడేస్తే దూరం నుంచి ఎవరికీ కనపడవు.

టెంపోలోంచి డ్రమ్ములు దింపుతుంటే ఒకదాని అతుకు దగ్గర చెమట పట్టినట్టు డీజిలు ఊరుతోంది. బంగారురాజు కంగారు పడలేదు. ఇంటికి పోయి, నూతి దగ్గర పెళ్ళాం బేబీరాణి అప్పుడే విప్పి పెట్టిన బట్టల సబ్బు బిళ్ళను కత్తితో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క తెచ్చి చేత్తో మెత్తగా పిసికి ఆ అతుకులో కూరాడు. ఊట ఆగిపోయింది. వేటకు పోయేవాళ్ళందరికీ తెలిసిన విద్య ఇది. ట్యాంకు కారితే సబ్బు పెట్టు, డీజిలు సబ్బుని ఏమీ చెయ్యలేదు అని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆ సబ్బుతోనే ఎన్నోసార్లు నడిసముద్రం నుంచి ఇంటికొచ్చారు.

ఆ డ్రమ్మును డింగీలో పెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. కానీ అది ఎంత తుడిచినా జిడ్డు జిడ్డుగా ఉంది. పడవ చెక్కలకు వాసన పడితే రేపు ఎవరైనా ఎక్కినప్పుడు ఏమిటని అడుగుతారు. అందుకని అంత తెలివైనవాడూ మంచి డ్రమ్ములు మూడూ డింగీలోకి ఎక్కించుకుని, సబ్బు పెట్టిన దాన్ని నీళ్ళలోకి దొర్లించాడు. డీజిలు సబ్బుని ఏమీ చెయ్యదు సరే, నీళ్ళు ఏం చేస్తాయో మూడేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. ఇరవయ్యేళ్ళుగా సబ్బు పెడుతున్న మనిషికి మాత్రం తట్టలేదు, ఎందుకంటే అతను ఎప్పుడూ ట్యాంకు లోపలి సంగతే ఆలోచించాడు.

సగం దూరం పోయాక ఫారెస్టువాళ్ళ మోటారుబోటు చప్పుడు వినిపించింది. అతను తేలే డ్రమ్ములు మూడూ ఏటి మలుపులో ఉన్న పెద్ద మడచెట్టు వేళ్ళకు కట్టేసి, డింగీలో ఉన్నవాటితో పక్కపాయలోకి తప్పుకున్నాడు. వాటిని గుట్ట దగ్గర దింపి, కూలీలు ఇచ్చిన టీ తాగి, రెండు గంటల తర్వాత తిరిగొచ్చాడు. వేళ్ళ మధ్య నీళ్ళు నెమలి మెడ రంగులో మెరుస్తున్నాయి. ఆ రంగులు చూడకముందే ముక్కుకు తెలిసిపోయింది.

అతుకులో సబ్బు లేదు. తాడు పట్టుకుని లాగితే డ్రమ్ము ఎప్పటి బరువే ఉంది, ఎందుకంటే డీజిలు బయటికి పోయిన కొద్దీ ఉప్పునీళ్ళు లోపలికి దూరాయి. ఎంత పోయిందో చూడ్డానికి కూడా లేదు. బంగారురాజు ఆ క్షణంలో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఒళ్ళు చచ్చిపోతుంది. తెడ్డు తీసుకుని నీళ్ళను అటూ ఇటూ గట్టిగా కలియబెట్టాడు. రంగులు చెదిరిపోయి కనపడకుండా పోవాలని. చెదిరాయి, మళ్ళీ కలుసుకున్నాయి. అతను డ్రమ్ములు విప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు చంద్రమౌళి ఫోను చేశాడు. ఒక డ్రమ్ములో సగానికి పైగా నీళ్ళే ఉన్నాయని, ఇంక ఈ మాట ఇద్దరి మధ్యే ఉండనీమని చెప్పాడు. డ్రమ్ముకు రెండు వందల లీటర్లు, అంటే వంద లీటర్లకు పైగా ఏట్లో ఉన్నాయి.

*

ఆ ఆదివారం పదకొండింటికే పోయి ఫారెస్టు గార్డు జోగులుకు చెప్పి ఉంటే ఎంతో కొంత జరిగేది. గోనెపట్టాలు గానీ దూది గానీ పరిచి డీజిలు పీల్పించేవారు. కనీసం కొన్నాళ్ళు అక్కడ ఏమీ పట్టొద్దని ఊళ్ళో చెప్పేవారు. బంగారురాజుకు ఇది తెలుసు. తెలిసే ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాడు. ఆటు తీస్తే అదే సముద్రంలోకి కొట్టుకుపోతుందిలే అనుకున్నాడు. మడచెట్ల సంగతి అతనికన్నా తెలిసినవాళ్ళు లేరు. ఆ వేళ్ళు ఒకసారి పట్టుకున్నదాన్ని వదలవు. ఆటు తీసినప్పుడు నీళ్ళు దిగుతాయి, నీళ్ళ మీద ఉన్నది బురద మీద పరుచుకుని బొరియల్లోకి జారుతుంది.

మంగళవారం అటు వెళ్ళినప్పుడు బురద మీద గెంతే చిన్న చేపలు ఒక్కటీ కనపడలేదు. బుధవారం ఒక తెల్లకొంగ కొమ్మ మీద కూర్చుని పొట్ట ఈకలు పదే పదే ముక్కుతో దువ్వుకుంటోంది. దాని పొట్ట తెల్లగా లేదు, మడ్డి రంగులో ఉంది. పడవ దగ్గరికొచ్చినా అది ఎగరలేదు. బంగారురాజు మొహం తిప్పుకుని ఇంజను వేగం పెంచాడు. ఆ రాత్రి బేబీరాణి సగం సబ్బు ముక్క ఏమైందని అడిగితే, ఎలకలు ఎత్తుకుపోయి ఉంటాయన్నాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో కోత పండుగ. ఊళ్ళో కోత పోయి ఇరవయ్యేళ్ళయినా పండుగ పోలేదు. ఎవరి పెరట్లో కాసింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు, తర్వాత కులం మతం చూడకుండా ఊరందరికీ భోజనం. ఎరుకమ్మ హిందువే అయినా పొలమున్న రోజుల్లో ఏటా ఒక బస్తా వడ్లు పంపేది. పొలం పోయాక పీతలు పంపుతోంది. ఆ రోజు కూర పీతలదే, అది అందరికీ తెలుసు, దాని కోసమే కొందరు పొద్దున్న టిఫిను మానేసి వస్తారు.

పెద్ద గుండిగ మూత తీయగానే వంట చూస్తున్న ప్రేమావతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. సంఘ పెద్ద బాలస్వామి భార్య ఆమె. అల్లం, వెల్లుల్లి, మిరియాలు అన్నిటినీ తోసుకుని ఏదో వాసన పైకొచ్చింది. గరిటెతో ఒక ముక్క తీసి చూశారు, ఇంకొకటి తీశారు. పందిట్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు.

"రాజు భయ్యాని పిలవండి. ఆయన ముక్కుకి తెలుస్తుంది" అన్నాడు బాలస్వామి.

బంగారురాజు పందిరి చివర నిలబడి ఉన్నాడు. జనం తప్పుకుని దారి ఇస్తే వచ్చాడు. గుండిగ మీదికి వంగి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. డీజిలు. తన డ్రమ్ములోది. అనుమానం లేనే లేదు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ నలభై మొహాలు. వాటి మధ్య ఎరుకమ్మ, పండక్కి కట్టుకున్న జరీ అంచు చీరలో, నోరు కొంచెం తెరిచి అతన్నే చూస్తోంది.

"కిరసనాయిలు" అన్నాడు. అక్కడితో ఆగకుండా ఇంకో మాట చేర్చాడు. "డబ్బా వాసన. పీతలెట్టిన డబ్బా సరిగ్గా కడగనేదు గావాల."

ఎరుకమ్మ తన చేతుల కేసి చూసుకుంది. "నా డబ్బాలో కిరసనాయిలు ఎప్పుడూ పొయ్యనేదు గదా అల్లుడా" అంది. తర్వాత తనలో తనే అన్నట్టు, "నువ్వు సెప్పినావంటే మరి..." అంది.

ఆవిడ తన కళ్ళనూ తన చేతులనూ నమ్మలేదు. అతని ముక్కును నమ్మింది. బంగారురాజుకు అక్కడే కూలబడి నిజం చెప్పేయాలనిపించింది. కానీ చెప్పలేదు. బాలస్వామి మంచివాడు, ముసలిదాన్ని ఏమీ అనొద్దని అందరికీ చెప్పాడు. ప్రేమావతి పప్పు పెట్టించింది. కూరంతా చర్చి వెనక గొయ్యి తీసి పోశారు. గొయ్యి తవ్వింది బంగారురాజే.

*

మాట ఏటి కన్నా వేగంగా పోతుంది. ప్రేమావతి చెల్లెలు డాలీగంజ్‌లో ఉంటుంది. బుధవారానికల్లా అక్కడ ఎరుకమ్మ గొంతు వినపడగానే తలుపులు మూసుకోవడం మొదలైంది. ఒకావిడ మొహం మీదే, "దీదీ, కిరసనాయిలు డబ్బాల్లో పెట్టిన పీతలు మా పిల్లలకొద్దు" అందట. ఎరుకమ్మ నిండు బుట్టతోనే బస్సెక్కి తిరిగి వచ్చేది. కండక్టరు కూడా బుట్ట వెనక పెట్టమన్నాడట. ఇవన్నీ బేబీరాణి చెబుతుంటే బంగారురాజు వలలో లేని చిరుగులు వెతుకుతూ కూర్చునేవాడు.

"ముసల్దానికి బుర్ర తిరిగిపోయినాది మావా" అంది బేబీరాణి ఒకరోజు. "బూడిదెట్టి తోమతాది, సింతపండెట్టి తోమతాది. కొత్త బకిట్టు కొనుక్కొచ్చినాది. అయినా పీత ఉడకేస్తే అదే కంపంట. తన సేతుల్లోనే ఏదో రోగముందని అనుకుంటంది."

బంగారురాజు తింటున్న అన్నం కంచం పక్కకు తోసి లేచాడు. 

శనివారం మధ్యాహ్నం ఎరుకమ్మే వచ్చింది. బేబీరాణి బజారుకు పోయింది. ఆవిడ గుమ్మంలోకి రాకుండా తిన్నగా పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళింది. చేతులు ఎర్రగా కందిపోయి, వేళ్ళ సందుల్లో తోలు లేచి ఉంది. చేద వేసి నీళ్ళు తోడుకుంది. నూతి గట్టు మీద సబ్బు కనపడితే తీసుకుంది. కత్తితో కోసిన సగం ముక్క. వాడి వాడి సన్నబడినా కోసిన అంచు ఇంకా తెలుస్తోంది.

మోచేతుల దాకా రుద్దింది. గోళ్ళ కింద రుద్దింది. బంగారురాజు వసారాలో నిలబడి చూస్తున్నాడు. ఆ సబ్బు నురగ గచ్చు మీదుగా పారి మొక్కల్లోకి పోతోంది. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకోకుండా, తడి చేతులే ముందుకు చాపుకుని అతని దగ్గరికొచ్చింది.

"ఓపాలి వాసన సూడు అల్లుడా. నా ముక్కుకి ఏటీ తెలీడం నేదు. ఇంకా ఉందా? ఉంటే సెప్పేయ్, నానేటీ అనుకోను. ఏరు నాకెప్పుడూ సెడ్డ సెయ్యనేదు. తప్పు నా కాడే ఉండాల."

ఆ చేతులు సబ్బు వాసన వేస్తున్నాయి. ఒట్టి సబ్బు వాసన. బంగారురాజు ఆ చేతులు రెండూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవనివాడు, భోరున ఏడ్చాడు.

"నీ సేతుల్లో ఏటీ నేదత్తా. అది కిరసనాయిలు గాదు. డీజిలు. నానే ఏట్లో ఒంపినాను. డ్రమ్ముకి సబ్బెట్టి నీళ్ళలో ఈడ్సుకుపోయినాను. పండగనాడు తెలిసే అబద్దమాడినాను."

ఎరుకమ్మ చేతులు లాక్కోలేదు. అతను చెప్పిందంతా విన్నది. చంద్రమౌళి మాట, పర్మినెంట్ పని, కలియబెట్టిన తెడ్డు, పొట్ట నల్లబడిన కొంగ, ఏదీ దాచకుండా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఏ కాడ?" అంది.

"మలుపులో. పెద్ద మడసెట్టు కాడ."

"తుఫానాదివారమా?"

"అవును."

ఆవిడ అప్పుడు చేతులు వెనక్కి తీసుకుంది. "ఆ ముందునాడు గుడ్డు పీతలు పదకొండు దొరికినాయి" అంది. "ఒక్కనాడు అన్నెప్పుడూ దొరకనేదు. అన్నీ అక్కడే ఒదిలినాను."

ఆవిడ వెళ్ళి నూతి గట్టు మీద కూలబడి, చాలాసేపు అలాగే కూర్చుంది. పెరట్లో కోళ్ళు సబ్బునీళ్ళలో ముక్కులు పెట్టి తలలు విదిలించుకుంటున్నాయి. చివరికి ఎరుకమ్మే లేచింది.

"పదిమందిలో వాసన సూసినావు. పదిమందిలోనే సెప్పు. రేపు గుడి... అదే, సెర్సి అయ్యాక అందరూ ఉంటారు. ఆ జోగుల్ని కూడా రమ్మను." రెండడుగులు వేసి ఆగింది. "ఈ సబ్బు నానట్టుకెల్తన్నాను. మా ఇంట్లో అయిపోనాది."

*

ఆదివారం ఆరాధన అయ్యాక బాలస్వామి అందరినీ కూర్చోమన్నాడు. వేటవాళ్ళు కూడా వచ్చి ప్రహరీ దగ్గర నిలబడ్డారు. బంగారురాజు ముందురోజు నుంచీ మాటలు కూడబలుక్కున్నాడు గానీ లేచి నిలబడగానే అన్నీ పోయాయి. మిగిలినవి నాలుగే. "ఆ వాసన డీజిలుది. నేనే ఒంపినాను. బోర్డు రాసింది నేనే, తప్పినోణ్ణీ నేనే. అత్త డబ్బాలు శుభ్రం."

 ప్రేమావతి లేచి ఎరుకమ్మ పక్కకు వెళ్ళి కూర్చుని, "దీదీ, మాఫ్ చెయ్యి" అని ఏడ్చింది. బాలస్వామి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క జోగులు మాత్రం పుస్తకం తీసి, ఏ రోజు, ఏ సమయం, ఎన్ని డ్రమ్ములు, ఎవరివి అని వరసగా అడిగి రాసుకున్నాడు. బంగారురాజు చంద్రమౌళి పేరు కూడా చెప్పాడు. దానితో పర్మినెంట్ పని పోయిందని తెలుసు. ఆ మాట చెబుతున్నప్పుడే అతనికి పదిహేను రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది.

అది ఎంతోసేపు నిలవలేదు. జోగులు పుస్తకం మూసి, బాధపడుతూనే, చెప్పాల్సింది చెప్పాడు. కేసు నడిచే దాకా బంగారురాజు డింగీ తమ దగ్గరే ఉంటుంది. చంద్రమౌళి కూడా జవాబు చెప్పుకోవాలి. ఏరు శుభ్రం చేయాలి. "ఔర్ ఏక్ బాత్, ఇంకో మాట" అన్నాడు. "రేపటి నుంచి ఏట్లో పీతలు, గుల్లలు, చేపలు ఏవీ పట్టకూడదు. నీళ్ళు టెస్టు చేయించాలి. ఒక సీజనంటే తక్కువ కాదు. ఎక్కువే కావచ్చు. ఎవరికీ మినహాయింపు లేదు."

బంగారురాజు ఎరుకమ్మ వైపు చూశాడు. ఆవిడ నేల చూస్తూ తల ఊపింది, ముందే తెలిసినదానికి ఊపినట్టు. అప్పుడు అర్థమైంది అతనికి. నిన్న నూతి దగ్గర అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నప్పుడు ఆవిడ ఆలోచించింది ఇదే. అతను నిజం చెప్పకపోతే ఆవిడ పేరు పోతుంది, చెబితే ఏరు మూతపడుతుంది. మొదటిదైతే ఒక ఏడాది తిట్లు తిని, ఇంకో వీధి చూసుకుని, ఎలాగో బతికేది. తెలిసే రెండోది ఎంచుకుంది. తన కోసం కాదు, ఆ బొరియల్లో మిగిలినవాటి కోసం. అతను తన మనసు తేలిక చేసుకుంటున్నాననుకున్న పనికి ఆవిడ తన బతుకునే పణంగా పెట్టింది.

డింగీ పోయాక బంగారురాజు రోజూ ఫారెస్టువాళ్ళతో ఏట్లోకి వెళుతున్నాడు. ఎవరూ పిలవలేదు, వద్దనలేదు కూడా. ఆటు తీసినప్పుడు మోకాలి లోతు బురదలో దిగి, గోనెపీచు బొరియల చుట్టూ పరిచి, జిడ్డు పీల్చాక తీసి సంచుల్లో కడతాడు. ఒక వేరుకు పట్టిన మడ్డి తుడవడానికి పూట పడుతుంది. వేళ్ళు వేలల్లో ఉన్నాయి. పొట్ట నల్లబడిన కొంగ, అతను పనిలో దిగిన రెండోరోజే ఆ పెద్ద చెట్టు కింద చచ్చి పడి కనపడింది. దాన్ని అతనే పాతిపెట్టాడు. ఎరుకమ్మ గట్టు మీద కూర్చుని, కొక్కెం ఒళ్ళో పెట్టుకుని, తన పొలం వైపు చూస్తూ ఉంటుంది. ఆవిడకు ఇప్పుడు ఆ గట్టు తప్ప వెళ్ళడానికి చోటు లేదు.

పదో రోజు సాయంత్రం అతను ఒళ్ళంతా బురదతో ఇల్లు చేరేసరికి ఎరుకమ్మ వసారాలో బేబీరాణితో మాట్లాడుతోంది. అతన్ని చూసి లేచింది. కొంగున కట్టుకున్న బాదం ఆకు మడత విప్పి, అరిగి అరిగి చింతగింజంత మిగిలిన సబ్బు ముక్కను తీసి, నూతి గట్టు మీద పొడిగా ఉన్న చోటు చూసి పెట్టింది.

"మీ సబ్బు" అంది. "నీళ్ళలో ఒదిలేయకు అల్లుడా. కరిగిపోద్ది."